వ్యంగ్యచిత్రం: గీత ఎవరిది?

నా దగ్గర చదువుకుని ఇప్పుడొక దినపత్రికలో కార్టూనిస్టుగా పనిచేస్తున్న యువకుడు క్రిందటి వేసవిలో మా యింటికి వచ్చాడు. కాలేజీలో మేము నడిపిన గోడపత్రికకు బొమ్మలన్నీ అతనే వేసేవాడు. ఆ పత్రిక బాధ్యత నాది. పాత కబుర్లు అయిపోయాక అతను ఒక ప్రశ్న వేశాడు.

"సార్, నెలజీతం తీసుకుని, యజమాని కాగితం మీద, సంపాదకుడు ఒప్పుకున్న విషయం మీద నేను గీసే గీత నాదేనా?"

"కింద నీ సంతకం వుంది గదా, నీదే" అన్నాను.

"సంతకం కూడా వాళ్ల కాగితం మీదే సార్" అని నవ్వాడు.

ఆ నవ్వులో నా జవాబు ఎంత తేలికైనదో నాకు తెలిసిపోయింది. అప్పుడు చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ వెతకటానికి ప్రయత్నిస్తాను. ఇది ఒక్క కార్టూనిస్టు సమస్య కాదు. జీతానికి పాఠం చెప్పే నాకూ, రేపు జీతానికి కలం పట్టబోయే విద్యార్థులకూ ఇది వర్తిస్తుంది. ఐతే కార్టూనిస్టు పనిలో ఇది మరింత బాహాటంగా కనిపిస్తుంది. అతని సరుకు రోజూ తయారు కావాలి, రోజూ అమ్ముడు పోవాలి, రోజూ ఎవరినో ఒకరిని నొప్పించాలి. ఈ మూడూ ఒకేసారి జరగవలసిన వృత్తులు ఎక్కువ లేవు.

ముందుగా అతని దినచర్య ఎట్లా వుంటుందో చూద్దాం. పొద్దున లేవగానే నాలుగైదు పత్రికలు చదవాలి. మధ్యాహ్నానికి ఆనాటి వార్తల్లో నుంచి రెండు మూడు ఊహలు చిత్తుగా గీసి పంపాలి. సాయంత్రం సంపాదకుడు వాటిలో ఒకటి ఏరుతాడు, లేదా ఏదీ ఏరడు. ఏరకపోతే గంటలో మరొకటి కావాలి. పూర్వం పాళీ, నల్లసిరా, దళసరి కాగితం వుండేవి. ఇప్పుడు చాలామంది ఎలక్ట్రానిక్ పలక మీద గీస్తున్నారు. పనిముట్టు మారింది గాని గడువు మారలేదు. మిగిలిన పొద్దులో ఆదివారం కథలకు బొమ్మలు, బడ్జెట్టు వచ్చిందంటే లెక్కల పటాలు, ఎన్నికలు వచ్చాయంటే నియోజకవర్గాల పటాలు కూడా అతనే వేయాలి. ఇదీ పని. "ఇందులో సృజన ఎక్కడుంది సార్?" అనేది అతని ప్రశ్నకు రెండో సగం.

ఈ ప్రశ్నకు లోకంలో రెండు సిద్ధమైన జవాబులున్నాయి. కళాకారుడు స్వేచ్ఛాజీవి, జీతం అతని శరీరానికే గాని ఆత్మకు సంకెల వేయలేదు అనేది ఒకటి. ఇది వినటానికి ఇంపుగా వుంటుంది. చెప్పేవాడు సాధారణంగా జీతం ఇచ్చేవాడై వుంటాడు. అద్దె చేయి ఏం గీసినా అద్దెకు తీసుకున్నవాడిదే, కనుక పాపపుణ్యాలు కూడా వాడివే అనేది రెండోది. ఇది మన వామపక్ష మిత్రులు కొందరు తొందరపాటుతో చెప్పే మాట. మొదటిది కార్టూనిస్టు కడుపును మరిచిపోతుంది. రెండోది అతని చేతిని మరిచిపోతుంది.

మార్క్స్ ఈ విషయం మీద చేసిన ఒక పోలిక మన పాఠకులకు తెలిసే వుంటుంది. పట్టుపురుగు పట్టు వడికినట్టు మిల్టన్ తన స్వభావం కొద్దీ "పారడైజ్ లాస్ట్" రాశాడనీ, తరువాత దాన్ని ఐదు పౌనులకు అమ్ముకున్నాడనీ, ప్రచురణకర్త ఆజ్ఞ ప్రకారం పుస్తకాలు తయారుచేసే లైప్‌జిగ్ రచయిత మాత్రం పెట్టుబడిని పెంచే శ్రామికుడనీ ఆయన వేరుచేసి చూపించాడు. కావ్యం గొప్పదా కాదా అన్నది ఇక్కడ ప్రసక్తి కాదు. ఏ సంబంధంలో తయారయిందన్నదే ప్రసక్తి. నా శిష్యుణ్ని ఈ పోలికలో ఎక్కడ పెట్టాలి? మధ్యాహ్నం పంపిన మూడు చిత్తుల్లో తిరస్కరించబడ్డది పట్టుపురుగుదీ, అచ్చయింది లైప్‌జిగ్ కార్మికుడిదీ అందామా? రెండూ ఒకే పూట, ఒకే చేతితో, ఒకే జీతం కింద పుట్టాయి. ఆర్థికశాస్త్రం చేసిన విభజన సరైనదే గాని, నీతిని గురించిన ప్రశ్న అక్కడితో తీరదు.

*

సృజన అంటే గడువు లేని తీరిక అనుకోవటం పొరపాటు. తెలుగువాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మన పద్యం యతిప్రాసల మధ్యే బతికింది. అవధాని నిషిద్ధాక్షరి పూరిస్తుంటే పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. అడ్డుపడిన చోటల్లా అవధాని మరొక దారి వెతుకుతాడు. నిర్బంధం వల్ల కల్పన చావదు సరిగదా, కొన్నిసార్లు పదునెక్కుతుంది.

కార్టూనిస్టు చేసే పని కూడా ఒక అలంకారప్రయోగమే. ధరవరలు పెరిగాయన్న వార్త అతనికి పనికిరాదు. పెరిగిన ధర దేనివలె వుంది? ఉపమానం దొరకాలి. దొరికాక ఉపమేయానికీ దానికీ అభేదం సాధించాలి. అప్పుడది రూపకం అవుతుంది. ఆపైన అతిశయోక్తి. ముక్కు కాస్త పొడుగు, పొట్ట కాస్త ముందుకు. ఎంత పెంచితే మనిషి ఆనవాలు పోతుందో, ఎంత తగ్గిస్తే బొమ్మ చప్పబడుతుందో ఆ అంచు తెలియటమే నేర్పు. అన్నిటికీ మించి, తీసివేయటం తెలియాలి. 1955లో ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరిన బాపు బొమ్మల్లో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఆయన వేసిన గీత కన్న వేయకుండా వదిలిన గీత. వీపు మీద జడ ఒక్కటే వుంటుంది. వీపు మన కన్ను గీసుకుంటుంది.

ఈ నేర్పు ఊరికే రాదు. బొంబాయి జె.జె. కళాశాలలో సీటు దొరకని ఆర్.కె. లక్ష్మణ్ 1951 నుంచి కొన్ని దశాబ్దాల పాటు టైమ్స్ ఆఫ్ ఇండియా మొదటి పేజీలో చిన్న పెట్టెలో సామాన్యుణ్ని నిలబెట్టాడు. ఆ సామాన్యుడు మాట్లాడడు, చూస్తాడు. అదే లక్ష్మణ్ తన కోసం గీసుకున్నవి కాకుల బొమ్మలు. కాకి బొమ్మలో వున్న చూపు, సామాన్యుడి కళ్లజోడు వెనకనున్న చూపు వేరు వేరని నేను అనుకోను. తనకోసం గీసుకున్నప్పుడు అలవడిన చూపే జీతానికి గీసినప్పుడు పనికివచ్చింది. జీతానికి రోజూ గీయటం వల్ల చేయి తిరిగి, కాకిని నాలుగు గీతల్లో పట్టుకోగలిగింది. కనుక గడువు సృజనకు శత్రువు కాదు. అలసట శత్రువు, అభద్రత శత్రువు.

మన భాషలో ఈ వృత్తిమీదే బతికినవాళ్లు తక్కువ. తెలుగులో కార్టూన్‌కు ఆద్యుడుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు న్యాయవాది. జయదేవ్ మద్రాసులో జంతుశాస్త్రం బోధించాడు. బాపు సినిమాకు వెళ్లాడు. పోలియోతో కాళ్లు సహకరించకపోయినా రాగతి పండరి విశాఖపట్నంలో కూర్చుని ఏళ్ల తరబడి వారపత్రికలకు గీసింది. వీళ్ల ప్రతిభను పొగిడే వ్యాసాలు చాలా వచ్చాయి. వీళ్లకు ఒక్కొక్క బొమ్మకు ఎంత ముట్టిందని అడిగే వ్యాసం నా కంట పడలేదు. అడగవలసినవాళ్లం మనమే.

*

ఇక నిషిద్ధాక్షరి పోలిక ఎక్కడ తెగిపోతుందో కూడా చెప్పాలి. సభలో అడ్డుపడే పృచ్ఛకుడు అందరి ఎదుటా అడ్డుపడతాడు. చివర అవధానిని మెచ్చుకుంటాడు. పత్రికాఫీసులో అడ్డుపడేవాడు చాలాసార్లు ఏ అక్షరం నిషిద్ధమో కూడా చెప్పడు. రాజ్యం అడ్డుపడితే జైలే. ఈ రెండు రకాల అడ్డులను కార్టూనిస్టులు ఎట్లా ఎదుర్కొన్నారో చరిత్రలో చూస్తే మన ప్రశ్నకు జవాబు కొంత దగ్గరపడుతుంది.

అసలు కార్టూన్ అన్న పేరు పుట్టిన తీరే ఆలోచింపదగినది. గోడమీద వేయబోయే పెద్ద చిత్రానికి ముందుగా దళసరి కాగితం మీద వేసుకునే నమూనాను కార్టూన్ అనేవాళ్లు. 1843లో లండన్‌లో కొత్త పార్లమెంటు భవనం గోడలకు చిత్రాలు వేయించదలచి, అటువంటి నమూనాల ప్రదర్శన పెట్టారు. ఆ జులైలో పంచ్ పత్రికలో జాన్ లీచ్ ఒక బొమ్మ వేశాడు. చింకిబట్టల పేదలు, కుంటివాళ్లు, పిల్లలు ఆ ప్రదర్శనశాలలో ఘనమైన పటాలను చూస్తూ నిలబడి వుంటారు. అన్నం అడిగినవాళ్లకు పటాలు చూపిస్తున్నారని భావం. దానికి పంచ్ "కార్టూన్" అనే పేరు పెట్టింది. నాటినుంచి ఆ మాటకు నేటి అర్థం స్థిరపడింది. అంటే ఈ కళకు పేరు పెట్టిన మొదటి బొమ్మలో పేదవాడు చూసేవాడు. చూడబడి నవ్వులపాలయ్యేది ప్రభుత్వం. ఈ అమరికను గుర్తుపెట్టుకోవాలి. దీన్ని తిరగేసిన బొమ్మలు తరువాత లక్షలు వచ్చాయి.

లీచ్ కన్న ముందే ఫ్రాన్సులో డోమియే వున్నాడు. లితో రాయి మీద వారం వారం పత్రికకు గీసి బతికిన కార్మికుడు. జీవితంలో దాదాపు నాలుగు వేల రాళ్లు గీశాడు. 1831లో, పేదల దగ్గర వసూలుచేసిన డబ్బుమూటలు మింగుతున్న రాక్షసుడుగా రాజు లూయీ ఫిలిప్‌ను గీసినందుకు ఆరునెలల జైలు పడింది. 1834లో పారిస్‌లో ఒక వీధి ఇంట్లోకి సైనికులు జొరబడి నిద్రలో వున్నవాళ్లను చంపితే, ఆ గదిని గీశాడు. రాత్రి చొక్కాతో చచ్చిపడిన తండ్రి, అతని కింద పసిబిడ్డ. అందులో నవ్వు లేదు. అతిశయోక్తి కూడా లేదు. వ్యంగ్యచిత్రకారుడు తన పనిముట్లన్నీ పక్కన పెట్టవలసిన సమయాలు వుంటాయని ఆ బొమ్మ చెబుతుంది. 1835లో బొమ్మలకు ముందస్తు అనుమతి కావాలని చట్టం వచ్చింది. రాజును గీయటం ఆగిపోయింది. డోమియే ఏం చేశాడు? రాజును పొగుడుతూ గీయలేదు. రోబేర్ మకేర్ అనే మోసగాడి బొమ్మలు గీశాడు. వాడు వాటాలమ్ముతాడు, వకీలవుతాడు, దాత అవుతాడు. రాజు పోయి, రాజును నిలబెట్టిన డబ్బు వర్గం బొమ్మకెక్కింది.

ఇరవయ్యో శతాబ్దంలో డేవిడ్ లో సంగతి తీసుకుందాం. అతను ప్రగతివాది. 1927లో చేరిన పత్రిక ఈవెనింగ్ స్టాండర్డ్. యజమాని బీవర్‌బ్రూక్ సామ్రాజ్యవాది. తనకు తోచిన విషయం తనకు తోచినట్టు గీసే హక్కును లో ఒప్పందంలోనే రాయించుకున్నాడు. యజమానినీ బొమ్మల్లో ఆటపట్టించాడు. ఐనా కొన్ని బొమ్మలు ఆగిపోయాయి. 1937లో బ్రిటిష్ మంత్రి హాలిఫాక్స్, నాజీలు నొచ్చుకుంటున్నారని చెప్పి కాస్త తగ్గమని అడిగాడు. లో కొంతకాలం తగ్గాడు కూడా. ఐతే హిట్లర్‌నూ ముస్సోలినీనీ కలిపి ఒక కొత్త నియంతను సృష్టించి వాణ్ని గీశాడు. 1938లో ఆస్ట్రియాను ఆక్రమించాక మళ్లీ పేరుపెట్టే గీశాడు.

మన దేశంలో 1975లో సెన్సారు వచ్చింది. 1948లో మొదలైన శంకర్స్ వీక్లీ ఆ ఆగస్టులో మూతపడింది. ఆ డిసెంబరు 10న ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అబూ అబ్రహాం బొమ్మ వచ్చింది. రాష్ట్రపతి స్నానపుతొట్టిలో కూర్చునే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి బయటికి అందిస్తుంటాడు. ఇంకేమైనా వుంటే ఆగమనండి అన్నట్టు. అబూ అప్పటికి రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడు. ప్రభుత్వమిచ్చిన కుర్చీలో వుండి ఆ బొమ్మ గీశాడు. అచ్చుకు నోచుకోనివి దాచుకుని 1977లో పుస్తకంగా తెచ్చాడు.

ఇప్పటి మాటకు వస్తే, 2025 జనవరిలో అమెరికాలో ఆన్ టెల్నేస్ వాషింగ్టన్ పోస్ట్ వుద్యోగానికి రాజీనామా ఇచ్చింది. కోటీశ్వరులు డబ్బు మూటలతో ట్రంప్ విగ్రహం ముందు మోకరిల్లినట్టు ఆమె వేసిన చిత్తును పత్రిక తిరస్కరించింది. మోకరిల్లినవాళ్లలో ఆ పత్రిక యజమాని బెజోస్ కూడా వున్నాడు. ఆ విషయం మీద అప్పటికే రచనలు వచ్చినందున తిరస్కరించామని సంపాదకుడు అన్నాడు. 2008 నుంచి అక్కడ పనిచేసిన మనిషి. ఆ సంవత్సరమే ఆమెకు పులిట్జర్ బహుమతి వచ్చింది. బహుమతి జీతం కాదు గనుక, ఆమె పోగొట్టుకున్నదేమీ లేదని అనకూడదు.

ఈ నలుగురి కథల్లో నాకొక సమానధర్మం కనబడుతున్నది. యజమానీ, రాజ్యమూ గీతను ఆపగలిగారు. కాని గీతను తిప్పలేకపోయారు. బొమ్మ రాకుండా చేయటానికి అధికారం చాలు. బొమ్మను ఎదుటివైపుకు, అంటే బలహీనుడి వైపుకు తిప్పాలంటే కార్టూనిస్టు వేళ్లు సహకరించాలి. కాబట్టి "ఏం గీయలేకపోయావు?" అన్నదానికి జవాబుదారీ యజమానిదీ, రాజ్యానిదీ. "ఏం గీశావు?" అన్నదానికి జవాబుదారీ గీసినవాడిది. తిరస్కరించబడిన బొమ్మ స్థానంలో గంటలో గీసిచ్చే రెండో బొమ్మ వుంటుందే, కార్టూనిస్టు నీతికి పరీక్ష అక్కడ. అది మొదటిదాని కన్న మెత్తగా వుండవచ్చు. అంతవరకు అది అతని బతుకుతెరువు. మొదటిదానికి విరుద్ధంగా వుంటే, జీతం సాకు చెల్లదు.

*

ఇంతటితో సమస్య తీరిందని నేను కొంతకాలం అనుకున్నాను. తీరలేదు. యజమాని చెప్పకుండా, రాజ్యం బెదిరించకుండా, కార్టూనిస్టు తనంతట తాను సంతోషంగా గీసిన గీత కూడా తప్పు దిక్కుకు పోవచ్చు.

2012 మే నెలలో నేను ఎం.ఏ. విద్యార్థిని. ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండో తరగతి రాజనీతిశాస్త్రం పుస్తకంలో వున్న శంకర్ కార్టూన్ మీద పార్లమెంటులో గొడవ జరిగి, పుస్తకం నుంచి దాన్ని తీసివేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అది 1949 నాటి బొమ్మ. రాజ్యాంగం ఒక నత్త. దానిమీద అంబేద్కర్ కూర్చున్నాడు. వెనక నెహ్రూ కొరడా ఎత్తాడు. చుట్టూ జనం చూస్తున్నారు. హాస్టల్లో ఆ రాత్రి పెద్ద వాదన. నేను కార్టూనిస్టు స్వేచ్ఛ పక్షాన గట్టిగా మాట్లాడాను. నెహ్రూ చేతిలో కొరడా అంబేద్కర్ మీదికి కాదు, నత్తమీదికి అన్నాను. శంకర్ అందరినీ గీశాడు, నెహ్రూను ఎన్నిసార్లు గీయలేదు అన్నాను. నా గదిలోనే వుండే దళిత మిత్రుడు అంతా విని, "కొరడా నత్తమీదికే కావచ్చు. మా ఊళ్లో ఈ బొమ్మ చూసినవాళ్లకు ముందు కనపడేది నత్తా, వెనకనున్నవాడి చేయా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తరువాత 2019లో, విజయవాడకు చెందిన చిత్రకారుడూ పరిశోధకుడూ ఉన్నమతి శ్యామసుందర్, 1932 నుంచి 1956 వరకు ఇంగ్లీషు పత్రికల్లో అంబేద్కర్ మీద వచ్చిన కార్టూన్లను వందకు పైగా సేకరించి "నో లాఫింగ్ మేటర్" అనే పుస్తకం తెచ్చాడు. ఒక్క బొమ్మ అయితే వాదించవచ్చు. వరసగా వంద చూసినప్పుడు వాదించటానికి నోరు రాదు. ఒక మహామేధావిని పొట్టివాడుగా, పసివాడుగా, ఆడవేషంలో గీసినవాళ్లకు యజమానులు ఆజ్ఞ ఇచ్చి వుండనక్కరలేదు. వాళ్లకు అట్లాగే కనబడింది. వాళ్ల కంటికి ఆ చూపును పుట్టిన కులమూ, పెరిగిన వీధీ, తమతో కలిసి నవ్వే పాఠకులూ ఇచ్చారు. ఇది మూడో యజమాని. జీతం ఇవ్వడు, బెదిరించడు. మనలోనే కాపురముంటాడు. నేను బొమ్మను పుస్తకం నుంచి తీసివేయాలని ఈనాడూ అనను. విద్యార్థి దాన్ని చూడాలి. ఎవరు ఎవరిని చూసి నవ్వారో, ఎందుకు నవ్వగలిగారో పక్కనే చదవాలి. కాని 2012లో నేను స్వేచ్ఛ అన్న మాటతో ఆ మిత్రుడి నోరు మూయించబోయాను. ఆ సంగతి మాత్రం ఒప్పుకోవాలి.

మన అలంకారికులు హాస్యాన్ని చాలా శ్రద్ధగా వర్గీకరించారు. భరతుడు నవ్వును ఆరు రకాలు చేశాడు. స్మితం, హసితం ఉత్తములకు. విహసితం, ఉపహసితం మధ్యములకు. అపహసితం, అతిహసితం అధములకు. ఎవరెట్లా నవ్వాలో చెప్పాడు గాని, ఎవరిని చూసి నవ్వవచ్చునో, ఎవరిని చూసి నవ్వకూడదో చెప్పలేదు. పైగా హాస్యానికి కారణాల్లో వికృతవేషంతోపాటు వ్యంగదర్శనాన్ని కూడా చేర్చాడు. వ్యంగం అంటే అవయవలోపం. కుంటివాణ్ని, గూనివాణ్ని చూడటం నవ్వుకు హేతువు! వ్యంగ్యం వేరు. మాటల వెనక, గీతల వెనక స్ఫురించే అర్థం అది. ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అన్నది దాన్ని. రాతలో ఈ రెంటికీ తేడా ఒక్క యవత్తు మాత్రమే. మన వారపత్రికల్లో ఏళ్ల తరబడి వచ్చిన అప్పడాలకర్ర భార్యలూ, నత్తి పనివాళ్లూ, చిప్పపట్టిన బిచ్చగాళ్లూ వ్యంగ్యచిత్రాలు కావు. యవత్తు రాలిపోయిన బొమ్మలు.

తేడా ఏమిటో కావాలంటే "కన్యాశుల్కం" చూడండి. 1897లో అచ్చయిన ఆ నాటకం మనల్ని పొట్ట చెక్కలయ్యేట్టు నవ్విస్తుంది. అగ్నిహోత్రావధాన్లు కోపం, లుబ్ధావధాన్లు పిసినారితనం, గిరీశం కోతలు నవ్వు పుట్టిస్తాయి. బుచ్చమ్మ వైధవ్యాన్ని చూసి ఏ పాఠకుడూ నవ్వడు. గురజాడ నవ్వనివ్వడు. ఆమెకు అన్యాయం చేసిన ఏర్పాటు మీదే నవ్వంతా కుమ్మరించాడు. నవ్వు నాలుగు విధాల చేటని సామెత. ఆ చేటు ఎవరికి కలగాలో తెలిసినవాడు గురజాడ.

*

ఇప్పుడు మా గోడపత్రిక సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ల క్రిందట నా శిష్యుడు అందులో ఒక బొమ్మ వేశాడు. కాలేజీ రాత్రి కాపలాదారు ముక్కాలిపీట మీద నోరు తెరుచుకుని నిద్రపోతుంటాడు. దొంగ అతని ఒళ్లోనుంచి తాళంచెవులు తీసుకుంటూ వుంటాడు. కాపలాదారు నిద్రలో శ్రీకాకుళం యాసలో ఏదో పలవరిస్తుంటాడు. గీత అద్భుతంగా కుదిరింది. అతని ఒంగిన మెడ, చెవికి చుట్టిన తువ్వాలు చూసి ఎవరైనా పోల్చగలరు. సంతకం పెట్టి గోడకెక్కించింది నేను. నేనూ నవ్వాను. రెండు రోజులు కాలేజీ అంతా నవ్వింది.

మూడో రోజు సాయంత్రం అతను గోడ దగ్గర నిలబడి వుండగా మేమిద్దరం అటు వెళ్లాం. మా వాడికి కాళ్లాడలేదు. అతను బొమ్మవైపే చూస్తూ మెల్లగా అన్నాడు: "బొమ్మ బాగుంది బాబూ. నాను పగలేటి సేస్తన్నానో అది కూడా ఏసుంటే ఇంకా బాగున్ను."

అప్పుడు కనుక్కున్నాం. అతన్ని పెట్టింది కాలేజీ కాదు, కాంట్రాక్టరు. ఆ జీతం చాలక పగలంతా ఒక గోడౌనులో మూటలు మోస్తున్నాడు. రాత్రి పీటమీద కళ్లు మూతలు పడేది అందుకు. మా బొమ్మ అబద్ధం చెప్పలేదు. అతను నిద్రపోయిన మాట నిజం. నిద్రపోయినవాణ్ని చూసింది గాని, నిద్రపుచ్చినవాణ్ని చూడలేదు. ఆ బొమ్మ గీయమని మాకెవరూ చెప్పలేదు. గీయవద్దని ఎవరూ అడ్డు రాలేదు. మేము సంపూర్ణ స్వేచ్ఛతో చేసిన పని అది. కాంట్రాక్టరును గీసి వుంటే ప్రిన్సిపాలు గది నుంచి పిలుపు వచ్చేదని మా ఇద్దరికీ తెలుసు. తెలుసన్న సంగతి మాత్రం అప్పుడు మాకు తెలియదు.

కనుక నా శిష్యుడికి నా జవాబు ఇది. గీత నీదే. అచ్చు హక్కు వాళ్లది కావచ్చు, లాభం నిశ్చయంగా వాళ్లది. కాని గీత ఏ దిక్కుకు పోయిందన్నది నీ చేతిలో వున్నంత మేరకు అది నీది. ఎంత మేరకు వుందన్నది నిన్ను బట్టి మాత్రమే లేదు. ఇక్కడే మన పాత్ర వస్తుంది. 2012లో ఒక కార్టూన్‌ను ఇతరులకు పంపినందుకు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర ఆచార్యుడు అంబికేశ్ మహాపాత్రను అరెస్టు చేశారు. కేసు నుంచి ఆయన బయటపడేటప్పటికి 2023 వచ్చింది. అదే 2012లో బొంబాయిలో అసీం త్రివేది మీద రాజద్రోహం మోపారు. 2019లో న్యూయార్క్ టైమ్స్ అంతర్జాతీయ ముద్రణలో యూదులను అవమానించే బొమ్మ ఒకటి వచ్చింది. క్షమాపణ చెప్పుకున్న తరువాత ఆ పత్రిక రాజకీయ కార్టూన్లనే మానివేసింది. తప్పు గీతను దిద్దటం కన్న కలాన్ని తీసివేయటం యజమానికి తేలిక. ఒంటరి కార్టూనిస్టును ధైర్యంగా లేవని నిందించే హక్కు, అతను వుద్యోగం పోగొట్టుకున్న నాడు అతని ఇంటికి వెళ్లినవాడికే వుంటుంది. విశాలాంధ్రలో పనిచేసి తరువాత పెద్ద పత్రికల్లో గీసిన మోహన్, 2017లో చనిపోయేవరకూ, ఉద్యమకారులు అడిగినప్పుడల్లా పోస్టర్లు, బ్యానర్లు గీసిచ్చాడు. అడిగి తీసుకున్నవాళ్లం చాలామందిమి. వృత్తిగా కార్టూన్ నిలవటానికి సంఘంగా మనమేం చేశామంటే చూపటానికి ఎక్కువ లేదు. ఒప్పందంలో తిరస్కరణకు కారణం రాసివ్వాలని, తిరస్కరించిన బొమ్మ మీద హక్కు గీసినవాడికి వుండాలని పత్రికారచయితల సంఘాలు ఎందుకు అడగకూడదు?

మా గోడపత్రిక ఇంకా నడుస్తున్నది. బొమ్మలు తెచ్చిన పిల్లలను సంతకం పెట్టేముందు ఒక ప్రశ్న అడుగుతాను. "ఇందులో వున్న మనిషి దీన్ని చూస్తే నవ్వుతాడా? నవ్వకపోతే ఎందుకు నవ్వడు?" అధికారి నవ్వడంటే, బహుశా తగిలింది గనుక. కాపలాదారు నవ్వడంటే, మనం సగమే గీశాం గనుక.

ఈ మాటలు ఉత్తరంగా రాసి పంపితే అతను జవాబుగా ఒక బొమ్మ పంపాడు. ముక్కాలిపీట మీద అదే కాపలాదారు నిద్రపోతున్నాడు. అతని ఒళ్లోనుంచి తాళంచెవులు తీస్తున్నవాడు ఈసారి ముసుగు దొంగ కాదు, చంకలో హాజరు పుస్తకం పెట్టుకున్న కాంట్రాక్టరు. పక్కన నిలబడి, కలం పట్టుకుని, నవ్వుతూ సంతకం పెడుతున్నవాడు నా పోలికలతో వున్నాడు. వాళ్ల పత్రిక దాన్ని వేయలేదని రాశాడు. మా గోడమీద వేశాం.